తల దగ్గర కూర్చున్న మనిషి

ఊపిరాయనకి ఆ పేరు ఒక తాబేలు వల్ల వచ్చింది.

ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి. జంతువుల ఆసుపత్రిలో మత్తు చూసుకునే పనికి అప్పటికి ఆయన కొత్తవాడే. కడుపులో గుడ్డు అడ్డం పడిన ఒక తాబేలుకి ఆపరేషన్ చేశారు. గుడ్డు తీశారు, కుట్లు వేశారు, తాబేలు మాత్రం ఊపిరి తీయలేదు. అప్పటి పెద్ద డాక్టరు పావుగంట చూసి, చేతులు కడుక్కుని, "ఇక పెట్టెలో పెట్టి ఇచ్చెయ్యండి" అని భోజనానికి వెళ్ళిపోయాడు. ఆ పెద్దమనిషికి ఆకలి వేస్తే ఎవరి ప్రాణమైనా పోయినట్టే లెక్క. ఈయన మాత్రం కదల్లేదు. గుండె కొట్టుకుంటోంది. నిమిషానికి పది సార్లే అయినా కొట్టుకుంటోంది. ఆక్సిజన్ కట్టేసి, మామూలు గాలితో నిండే చిన్న రబ్బరు సంచి పట్టుకుని, నిమిషానికి రెండుసార్లు నొక్కుతూ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆక్సిజన్ దండిగా అందితే తాబేలుకి తనంతట తాను ఊపిరి తీసుకోవాలన్న ధ్యాస రాదని ఎక్కడో చదివాడట. పొద్దున పదకొండింటికి మొదలుపెడితే సాయంత్రం ఆరింటికి ఆ తాబేలు తల బయటపెట్టి, ఎవడ్రా వీడు అన్నట్టు ఓ చూపు చూసి, మళ్ళీ లోపలికి లాక్కుంది. ఆ ఏడు గంటలూ ఈయన మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మర్నాటి నుంచి అందరికీ ఊపిరాయనే. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండిపోయింది.

మత్తు ఇవ్వడం పెద్ద విద్యేమీ కాదని ఆయనే అనేవాడు. ఇచ్చాక ఆ ప్రాణం ఇటు మేలుకోకుండా, అటు జారిపోకుండా మధ్యలో పట్టుకుని కూర్చోవాలి, అదీ పని. డాక్టర్లు కడుపు దగ్గర నిలబడి కోస్తారు, కుడతారు, పేరు తెచ్చుకుంటారు. ఆయన తల దగ్గర ఓ చక్రాల స్టూలు వేసుకుని కూర్చుని, ఐదు నిమిషాలకోసారి కాగితం మీద గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, ఊపిరి ఎన్నిసార్లు తీసింది, ఒంటి వేడి ఎంత, చిగుళ్ళ రంగేమిటి అని రాస్తాడు. చిలకకి ఒళ్ళు ఇట్టే చల్లబడిపోతుంది కాబట్టి రబ్బరు గ్లవుజుల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి రెండు పక్కలా పెడతాడు. కుందేలు మత్తు కంటే ముందు భయంతోనే చచ్చేలా ఉంటుంది కాబట్టి గదిలో దీపం తగ్గించి, ఎవరు గొంతు పెంచినా కళ్ళెర్రజేస్తాడు. పాముకి గుండె ఎక్కడుందో వెతుక్కోవాలి, వెతికి అక్కడ చప్పుడు వినిపించే చిన్న పరికరం అంటించి, ఆ బుస్సు బుస్సు వింటూ కూర్చుంటాడు. వీటన్నిటి ముందు కుక్క ఎంతో నయం. కుక్కకి తొడ లోపలి వైపు రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, నాడి తనే వచ్చి వేలిని తడుతుంది.

ఆ రెండు వేళ్ళే ఆయన ఆస్తి. మిషన్లు వచ్చాయి, పోయాయి, కొత్తవి వచ్చాయి. ఆయన వాటిని చూస్తాడు, రాసుకుంటాడు, నమ్మడు. మిషన్ గోల పెట్టినప్పుడల్లా ముందు దాని నోరు నొక్కి, తర్వాత వేళ్ళు పెట్టి చూసుకుని, "ఉంది, కొట్టుకుంటోంది" అనేవాడు. ఆ రెండు మాటలు వినబడితే కత్తి పట్టుకున్నవాళ్ళు తల కూడా ఎత్తేవాళ్ళు కాదు. వాళ్ళ తప్పు కాదది. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా అబద్ధం కాలేదు.

ఇప్పటి డాక్టరమ్మ చదువు ముగించుకుని చేరిన కొత్తలో, నాడి చూడమంటే కుక్క తొడని పిడికిలితో పట్టుకునేది. ఊపిరాయన నవ్వాపుకోలేకపోయాడు. "గొంతు పిసుకుతున్నారా ఏంటమ్మా? అలా నొక్కితే దాని నాడి అణిగిపోతుంది, మీ వేళ్ళలో నాడే మీకు తగుల్తుంది. తర్వాత మీ లెక్క దాని పేరు మీద రాసుకుంటారు. వేలు ఊరికే ఆనించండి, అదే వస్తుంది." ఆమె ఆ రోజు సాయంత్రం దాకా ఆసుపత్రి పిల్లి వెంట పడి నేర్చుకుంది. అప్పటి నుంచి ఆమెకి ఆయన బాబాయ్. పదకొండేళ్ళలో ఆయన లేని రోజు ఆమె పెద్ద ఆపరేషన్ పెట్టుకోలేదు.

అలాంటి వేళ్ళు మొద్దుబారడం మొదలుపెట్టాయి.

షుగరు వచ్చి తొమ్మిదేళ్ళు. మందులు వేసుకోవడం మాత్రం ఆయనకి బుద్ధి పుట్టినప్పుడే. ఊరందరి కుక్కలకీ వేళ తప్పకుండా మందు వేసే మనిషి తన మాత్రల డబ్బా ఎక్కడ పెట్టాడో చెప్పలేడు. మొదట చొక్కా గుండీలు ఇబ్బంది పెట్టాయి. తర్వాత టీ గ్లాసు ఎంత వేడిగా ఉందో పెదవికి తగిలాక గానీ తెలిసేది కాదు. చలి వల్ల అనుకున్నాడు. చలి పోయింది, మొద్దు పోలేదు. వయసు అనుకున్నాడు. అలా ఏదో ఒకటి అనుకుంటూ ఆరు నెలలు నెట్టుకొచ్చాడు.

ఆయన భార్య ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుట్టేది. ఓ ఆదివారం సోఫా మీద ఆయన పక్కన కూర్చుని చెయ్యి చూసి కేక పెట్టింది.

"ఏవండీ, వేలికి సూది గుచ్చుకుని ఉంది!"

చూసుకున్నాడు. చూపుడువేలి చివర సగం దాకా దిగి ఉంది సూది. చొక్కా మీద రక్తం చుక్కలు కూడా పడి ఎండిపోయాయి.

"తెలుసులే. తీద్దామనే అనుకుంటున్నా."

"ఎప్పుడు తీద్దామని? రేపా?" ఆమె సూది లాగేసి, ఆయన వేలిని తన చీర చెంగుతో పట్టుకుంది. "నిజం చెప్పండి. తెలీలేదు కదూ?"

ఆయన టీవీ వైపు చూశాడు.

"ఆ చేత్తోనా మీరు నాడి చూస్తున్నది?"

"ఆ చెయ్యి ఏం చేస్తోందో నాకు తెలుసు. నువ్వు నీ కుట్టుపని చూసుకో."

పాతికేళ్ళ కాపురంలో ఆమెతో ఆయన అలా మాట్లాడింది తక్కువ. ఆమె చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళిపోయింది. కానీ వదల్లేదు. రోజూ పొద్దున ఆయన బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఇవాళైనా చెప్పండి వాళ్ళకి" అనేది. ఆయన చెప్పులు వేసుకుంటూ "చూద్దాం" అనేవాడు.

ఎందుకు చెప్పలేదంటే, చెప్తే ఆ స్టూలు పోతుంది. రిటైర్మెంట్ ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ మందుల గదిలో డబ్బాల మీద తేదీలు చూస్తూ కూర్చోబెడతారు. గోడ అవతల ఆపరేషన్ జరుగుతుంటే ఇవతల సీసాలు సర్దుకోవాలి. ఆ ఊహే ఆయనకి మింగుడు పడలేదు. మరి జంతువులకి ఏమైనా అయితే? ఆ ప్రశ్న ఆయనకి రాలేదని కాదు. రోజూ వచ్చేది. ఇంకొంచెం గట్టిగా నొక్కితే తెలుస్తోందిగా అని దానికి జవాబు చెప్పుకునేవాడు. పదకొండేళ్ళ కిందట డాక్టరమ్మకి చెప్పిన మాట ఒక్కటి మాత్రం గుర్తుకి రానివ్వలేదు.

ఆ వారంలోనే గుమాస్తా వచ్చింది.

గుమాస్తా అంటే కుక్క. ఆసుపత్రికి రెండు వీధుల అవతల తాళాలు బాగుచేసే పెద్దాయన ఒకాయనకి ఇరుకైన కొట్టు ఉంది. గోడ నిండా తాళంచెవులు, మధ్యలో ఓ బల్ల, బల్ల వెనక రెండు స్టూళ్ళు. ఒకదాని మీద పెద్దాయన, రెండోదాని మీద నల్లకుక్క. తొమ్మిదేళ్ళుగా కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా ఆ స్టూలు దిగకుండా, వచ్చిన ప్రతి ఒక్కరినీ పైనుంచి కిందికి చూసేది కాబట్టి గిరాకీలే దానికి గుమాస్తా అని పేరు పెట్టారు. ఒళ్ళే కాదు, దాని నాలుకా చిగుళ్ళూ కూడా పుట్టుకతోనే నలుపు. ఈమధ్య స్టూలు ఎక్కలేకపోతోందని పెద్దాయన తీసుకొచ్చాడు. ప్లీహం మీద నిమ్మకాయంత గడ్డ ఉంది. పగలక ముందే తీసేస్తే ఇంకా చాన్నాళ్ళు బతుకుతుందని డాక్టరమ్మ చెప్పింది.

ఆపరేషన్ రోజు పొద్దున పెద్దాయన కుక్క మెడపట్టీ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"దానికి కొత్త మనుషులంటే పడదయ్యా. మెలకువ వచ్చేదాకా పక్కన ఎవరైనా ఉంటారా?"

"నేను తల దగ్గరే ఉంటాను పెద్దాయనా. అక్కణ్ణుంచి లేవను" అన్నాడు ఊపిరాయన.

"అయితే సరే. నేనీ బెంచీ మీదే ఉంటా."

మొదటి ముప్పావుగంట అంతా సవ్యంగానే నడిచింది. ఊపిరి మిషన్ పోస్తోంది. గుండె గీతలు గీసే డబ్బా రిపేరుకి వెళ్ళి మూడు వారాలైంది కాబట్టి మిషన్ తెరకి ఆధారం నాలుకకి పెట్టే క్లిప్పు ఒక్కటే. నాడీ, రక్తంలో ఆక్సిజనూ చూపించే ఆ క్లిప్పు వెలుతురుతో పనిచేస్తుంది. నల్లటి నాలుక మీద దానికేమీ సరిగా కనపడదు. పది నిమిషాలకోసారి గోల పెట్టడం, ఆయన నాలుక తడిపి క్లిప్పు జరపడం, అది నోరు మూసుకోవడం, ఇదే తంతు. మూడుసార్లూ నాడి ఉంది. చిగుళ్ళ రంగు చూద్దామంటే అవీ నలుపే.

పదీ యాభైకి నాలుగోసారి గోల పెట్టింది. ఆయన విసుక్కుని దాన్ని ఆపేశాడు. ఆకుపచ్చ గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, తొడ లోపలి వైపు రెండు వేళ్ళు ఆనించాడు. ఏమీ తగల్లేదు. కొంచెం నొక్కాడు. తగల్లేదు. ఇంకా నొక్కాడు. అప్పుడు తగిలింది, సన్నగా, వరసగా, తప్పకుండా. గోడ గడియారం చూసి లెక్కపెట్టాడు. తొంభై రెండు. కుక్కకి అంతకంటే మంచి లెక్క ఏముంటుంది?

"బాబాయ్, ఎలా ఉంది?" తల ఎత్తకుండానే అడిగింది డాక్టరమ్మ.

"ఉంది, కొట్టుకుంటోంది."

కాగితం మీద తొంభై రెండు అని వేశాడు. పదీ యాభై ఐదుకి మళ్ళీ తొంభై రెండు.

"ఇవాళ మన అదృష్టం, రక్తం అసలు కారడమే లేదు" అంది ఆమె.

పదకొండింటికి తొంభై నాలుగు. ఆ అంకె వేసి కలం మూత పెడుతుండగా డాక్టరమ్మ చేతులు ఆగిపోయాయి.

"బాబాయ్, ఈ రక్తం నల్లగా ఉందేంటి?"

ఆయన కుక్క కనురెప్ప ఎత్తాడు. నల్లపాప కన్నంతా పరుచుకుని ఉంది. ఆ తర్వాత ఇరవై ఐదు నిమిషాలు ఇద్దరూ వంతులు వేసుకుని ఛాతీ నొక్కారు, సూదులు వేశారు. తాబేలుకి గుండె ఉంది కాబట్టి ఊపిరి పోయగలిగాడు. ఇక్కడ అదీ లేదు. చివరికి డాక్టరమ్మే ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

గ్లవుజులు తీసేసి ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"పదకొండు దాకా ఇంత బాగుంది. ఉన్నట్టుండి ఆగిపోయిందంటే నేను ప్లీహం లాగినప్పుడే అయ్యుండాలి. గట్టిగా లాగాను బాబాయ్. నా చేతిలోనే పోయింది."

అప్పటికి ఆయనకీ అలాగే అనిపించింది, పాపం. లేదా అలా అనిపించడమే హాయిగా ఉండి ఊరుకున్నాడో, చెప్పలేం. ఆమె వెళ్ళి పెద్దాయనకి తన చేతిలోనే పోయిందని చెప్పింది. పెద్దాయన ఆమెని ఒక్క మాట అనలేదు. ఊపిరాయన వైపు తిరిగి, "మీరు తల దగ్గరే ఉన్నారుగా?" అని అడిగాడు.

"ఉన్నాను" అన్నాడు ఆయన.

"పోన్లెండి. ఒంటరిగా పోలేదు" అని పెద్దాయన మెడపట్టీ జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి భోజనాల బల్ల ముందు కూర్చున్నాడు ఊపిరాయన. భార్య పళ్ళెం పెట్టి, మొహం చూసి ఏమీ అడక్కుండా మిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆయన ముద్ద ఎత్తలేదు. బల్ల అంచు మీద రెండు వేళ్ళు వేసి, ఏదో ఆలోచిస్తూ నొక్కుతున్నాడు. నొక్కి నొక్కి ఒక్కసారిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బల్ల కొట్టుకుంటోంది.

మళ్ళీ పెట్టాడు. వేళ్ళు ఊరికే ఆనిస్తే ఏమీ లేదు. కొంచెం నొక్కినా లేదు. ఎముక దాకా నొక్కితే మాత్రం సన్నగా, వరసగా, తప్పకుండా. ఎదురుగా గోడ గడియారం ఉంది. వద్దు వద్దనుకుంటూనే లెక్కపెట్టాడు. తొంభై రెండు.

కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. "ఏమైందండీ?" అని ఆమె పరుగున వచ్చేసరికి ఆయన బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. చిన్నపిల్లాడిలా, వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. కాపురానికి వచ్చాక ఆయన ఏడవగా ఆమె చూడలేదు. నేను ముందే చెప్పానుగా అని అనడానికి ఆమెకి అంతకంటే మంచి సమయం దొరకదు. అయినా అనలేదు. పక్క కుర్చీ లాక్కుని కూర్చుని ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది.

"పది నిమిషాలు" అన్నాడు చివరికి. "పది నిమిషాల ముందు నాడి దొరకలేదని ఒక్క మాట అనుంటే, ఆ అమ్మాయి బతికించేదేమో. నేను నా నాడి రాసుకుంటూ కూర్చున్నానే."

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టరమ్మ తన గదిలో కూర్చుని ఉంది. ఆ రోజు ఆపరేషన్లన్నీ వాయిదా వేయించింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముందు గుమాస్తా కాగితం ఉంది.

"ఇకనుంచి పెద్ద కేసులు వేరే ఊరికి పంపించేద్దాం బాబాయ్. నాకు చెయ్యి వణుకుతోంది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు ఆమె ముందు పెట్టాడు.

"లెక్కపెట్టండమ్మా."

"ఏంటి, ఒంట్లో బాగోలేదా?"

"ఒక నిమిషం లెక్కపెట్టండి."

ఆమె రెండు వేళ్ళు ఆనించింది. ఊరికే, పిట్ట మీద వేసినంత తేలిగ్గా. ఆయన నేర్పినట్టే. గడియారం చూస్తూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

"తొంభై మూడు. కొంచెం ఎక్కువే. షుగరు మందులు వేసుకుంటున్నారా అసలు?" అంటూ ఉండగానే ఆమె చూపు కాగితం మీద పడింది. పదీ యాభై, తొంభై రెండు. పదీ యాభై ఐదు, తొంభై రెండు. పదకొండు, తొంభై నాలుగు. దానికి ముందు అంకెలన్నీ నూట ఇరవై, నూట పద్దెనిమిది, నూట పదిహేను. ఆమె చెయ్యి ఆయన మణికట్టు మీద నుంచి మెల్లగా జారిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరు నెలలు."

"ఆరు నెలలు." ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. "రాత్రంతా నేను ఆ కుక్కని చంపాననుకుని కూర్చున్నాను. నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయేది బాబాయ్? నేను మిమ్మల్ని వెళ్ళగొట్టేదాన్నా?"

ఆయన మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

ఆమె తిరిగి వచ్చి, కాగితం మీద ఆ మూడు అంకెల్నీ ఒక్కో గీతతో కొట్టేసింది. కాగితం ఆయన వైపు తిప్పి, కలం ఇచ్చింది.

"మీరే రాయండి."

పదీ యాభైకి ఎదురుగా రాశాడు. నాడి దొరకలేదు. పదీ యాభై ఐదుకి ఎదురుగా రాశాడు. నాడి దొరకలేదు. మూడోసారి కలం వేళ్ళలోంచి జారి కింద పడింది. పడిన చప్పుడు విన్నాక గానీ ఆయనకి తెలియలేదు. ఆమె వంగి తీసి, ఆయన వేళ్ళ మధ్య పెట్టి, వేళ్ళు మూసింది. పదకొండుకి ఎదురుగా కూడా రాసి, కింద సంతకం పెట్టాడు.

డాక్టరమ్మ మొహం తుడుచుకుని తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"పదండి. తాళాల పెద్దాయనకి చెప్పాలి. ఇద్దరం వెళ్దాం."

ఊపిరాయన అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు.

"వద్దమ్మా. నేనొక్కణ్ణే వెళ్తాను. తల దగ్గర కూర్చున్నది నేను."